ఎండ తోడుకున్న సాయంత్రం

జాడీ మూత తీసి చూసిన కాత్యాయనికి మొదట కోపం రాలేదు. అసలేమీ అర్థం కాలేదు. పటికబెల్లం పలుకుల్లా గలగలలాడాల్సింది కాస్తా కరిగిన నెయ్యిలా కదలకుండా ఉంది. జాడీని పక్కకి వంచి చూసింది. ఆ నెయ్యీ పక్కకి వంగింది.

"చిలకమ్మా!" అని ఒక్క కేక పెట్టింది.

చలిగెడ్డ ప్రభుత్వాసుపత్రి చిన్నదే. ఆ కేక వినపడని మంచం లేదు. చీర మీద రెండు స్వెటర్లూ, వాటి మీద మంకీ క్యాపూ వేసుకున్న ఆయా చిలకమ్మ పరిగెత్తుకొచ్చింది.

"ఏటమ్మా, నొప్పులేటి?"

"ఏడో నెలలో నొప్పులేంటి చిలకమ్మా! ఈ జాడీ ఎవరు ముట్టుకున్నారు?"

"నానే. రేతిరి సలి సూసినారు కదా. ఆ అరలో ఒగ్గేస్తే సచ్చిపోతాదని పొయ్యి గట్టు మీదెట్టి గొంగడి కప్పినాను. పొద్దున తెచ్చి మల్లీ అక్కడే ఎట్టీసినాను. మీరే కదమ్మా దాన్ని తోడన్నారు? తోడుని ఎచ్చగా సూసుకోపోతే ఎలగ?"

చెప్పిన తీరు చూస్తే ఆవిడ మెచ్చుకోలు కోసం ఎదురుచూస్తున్నట్టే ఉంది. కాత్యాయని కుర్చీలో కూలబడింది.

న్యాయంగా మాట్లాడుకుంటే ఇందులో చిలకమ్మ తప్పేమీ లేదు. తప్పంతా ఉపమానానిది.

కొన్నేళ్లుగా ఆ కొండల మీద శీతాకాలం తీరు మారిపోయింది. ఒకప్పుడు గడ్డి మీద మంచు పేరుకుంటే ఫొటోలు దిగడానికి జనం కార్లేసుకుని వచ్చేవారు. ఇప్పుడు కుళాయిల్లో నీళ్లు గడ్డకడుతుంటే ఊళ్లో వాళ్లే కిందికి దిగిపోదామా అని ఆలోచిస్తున్నారు. ముఖ్యంగా పసిపిల్లలకి చలికాలం గండంగా మారింది. అలాంటి ఊరి ఆసుపత్రికి విశాఖపట్నంలోని ఒక ప్రయోగశాల నుంచి వేసవి ఉప్పు వచ్చింది. మే నెలలో రెంటచింతల ఎండలో, అద్దాల కింద, పెద్ద పెద్ద ట్యాంకుల్లో దీన్ని కరిగిస్తారు. కరిగిన ఉప్పు చల్లారాక కూడా గడ్డకట్టదు. మింగిన ఎండనంతా కడుపులో దాచుకుని నెలల తరబడి ద్రవంగానే కూర్చుంటుంది. శీతాకాలంలో ట్యాంకుని లారీ మీద కొండెక్కించి, గడ్డకట్టిన అదే ఉప్పు పలుకు ఒక్కటి అందులో వేస్తే చాలు. ఆ పలుకు చుట్టూ మెల్లగా గడ్డకడుతూ, దాచుకున్న వేడినంతా వదిలిపెడుతుంది. ట్యాంకు చుట్టూ తిరిగే నీటి గొట్టాలు ఆ వేడిని వార్డుల గోడల్లోకి మోసుకెళ్తాయి. రెంటచింతల వాళ్లు చీ పొమ్మన్న ఎండ చలిగెడ్డలో పసిపిల్లలకి పొత్తిగుడ్డ అవుతుంది.

వచ్చిన కొత్తలో చిలకమ్మ ఆ పలుకులేమిటని అడిగితే, ఇంజినీరు కాత్యాయని "పాలలో తోడు వేస్తాం చూడు, అలాంటిదే" అని చెప్పింది. చక్కగా చెప్పానని మురిసిపోయింది కూడా. పెరుగు తోడుకి చలి పడదు, ఈ తోడుకి వేడి పడదు అని మాత్రం చెప్పలేదు. కరిగిపోయిన పలుకు ఇంక తోడుగా పనికిరాదు. జాడీలో ఉన్నవన్నీ కరిగిపోయాయి. చలిగెడ్డలో ఉన్న తోడంతా ఆ జాడీయే.

సరిగ్గా ఆ ఉదయమే పాత ట్యాంకు కొండ దిగిపోయింది. గట్టిగా గడ్డకట్టి, లారీడు తోడుని కడుపులో పెట్టుకుని మరీ దిగిపోయింది. తుపాను ముదురుతోందని డ్రైవరు తొందరపెడితే, కొత్త ట్యాంకుని గొట్టాలకి బిగించగానే కాత్యాయనే సరే వెళ్లమంది. లారీ దాటిన కాసేపటికే ఘాట్ రోడ్డు మీద కొండచరియ పడింది. కరెంటు తీగలూ దానితోపాటే పోయాయి. ఉన్న ఒక్క జనరేటరూ ఆపరేషన్ గదికీ, ఆక్సిజన్‌కీ చాలీచాలకుండా ఉంది.

మధ్యాహ్నానికి వార్డుల గోడలు చల్లబడ్డాయి.

డాక్టర్ ఇమ్మానియేలు మెడ చుట్టూ మఫ్లర్ చుట్టుకుని వచ్చాడు. నెమ్మదిగా మాట్లాడే మనిషి, ఎంత ఇబ్బందిలోనూ గొంతు పెంచడు.

"ఇంజినీరు గారూ, మిగతా వాళ్లకి దుప్పట్లు సరిపోతాయి. నా భయమల్లా సుక్రి పాప గురించే. చీకటిపడేలోగా ఆ గది వెచ్చబడాలి."

సుక్రి పై ఊరి అమ్మాయి. నెలలు నిండకుండా ప్రసవించింది. పాప రెండు అరచేతుల్లో ఇమిడేంత ఉంది. పుట్టిన దగ్గర్నుంచీ సుక్రి ఆ పాపని గుండెలకి ఆనించుకుని, చుట్టూ గుడ్డ బిగించి కట్టుకునే ఉంది. బరువు చూడాలన్నా గుడ్డతోనే చూడమంటుంది. పోయిన చలికాలం ఆమె మొదటి బిడ్డ ఇంట్లోనే చలికి పోయింది. అప్పటినుంచీ గుడ్డ విప్పడమంటే ఆమెకి వణుకు. పైగా ఇప్పుడు తల్లికే చలిజ్వరం పట్టుకుంది. తల్లి ఒళ్లు ఒకసారి కాలిపోతోంది, ఒకసారి మంచుముద్దవుతోంది. బిడ్డకి వెచ్చదనం ఇంక గోడలే ఇవ్వాలి.

"నిప్పుల కుంపటి పెడితే?" అంది కాత్యాయని.

"ఆ ఊపిరితిత్తులు పొగని తట్టుకోలేవమ్మా" అన్నాడు డాక్టరు. "మీ ట్యాంకు పని చెయ్యడానికి ఇంకెంత సేపు పడుతుంది?"

కాత్యాయనికి ఏడుపొచ్చింది. ఏడవకుండా, "చూస్తాను డాక్టర్ గారూ" అంది.

* * *

ఫోన్ మోగిన వెంటనే ఆమె భర్త ఫణీంద్ర ఎత్తాడు. "కాత్యా, నొప్పులా?"

"మీకందరికీ ఏమైంది ఇవాళ? నొప్పులు కాదు, తోడు పోయింది."

జరిగింది చెప్పింది. అవతల విశాఖపట్నంలో, తన ప్రయోగశాలలో, ఫణీంద్ర మొదట పగలబడి నవ్వాడు. తర్వాత పాప సంగతి విని నవ్వాపేశాడు. అతని బల్ల మీద డబ్బాడు తోడుంది. కానీ మధ్యలో రోడ్డు లేదు. తుపాను గాలికి డ్రోన్లు కూడా ఎగరవు.

"గీకి చూశావా?"

"గాజుకడ్డీతో గీకాను. సుత్తితో కొట్టాను. కిటికీ మీది మంచు గీరి వేశాను. ఆఖరికి తిట్టాను కూడా. ఉలకదు, పలకదు."

"మనం పెంచిన మొండితనమే కదా అది" అన్నాడు ఫణీంద్ర దిగులుగా.

నెలల తరబడి కదిలినా కుదిపినా ఎండని వదలకుండా పట్టుకునే ఉప్పు కావాలని వాళ్లిద్దరూ పెళ్లికి ముందునుంచీ తంటాలు పడ్డారు. అలాంటిది దొరికింది. దొరికాక తెలిసింది, అది ఎప్పటికీ గడ్డకట్టదని. వరుసగా పేర్చిన సీసాల ముందు కూర్చుని ఒక్క పలుకు కోసం ఏళ్లకేళ్లు ఎదురుచూశారు. స్నేహితుల పెళ్లిళ్లు మానుకున్నారు, చుట్టాల్ని మర్చిపోయారు. పిల్లల సంగతి అత్తగారు ఎత్తినప్పుడల్లా కాత్యాయని "ఇది గడ్డకట్టనివ్వండి అత్తయ్యా" అనేది. ఆవిడ రోజూ దేవుడికి దణ్ణం పెట్టుకుంటూ మనవడి బదులు ఉప్పుగడ్డని కోరుకోవలసి వచ్చింది. ఒకనాడు ఏ కారణమూ లేకుండా ఒక సీసాలో తెల్లటి పలుకు మొలిచింది. ఎందుకు మొలిచిందో ఈనాటికీ ఎవరికీ తెలియదు. మళ్లీ మరో సీసాలో అలా జరగనూ లేదు. లోకంలో ఉన్న తోడంతా ఆ ఒక్క పలుకు సంతానమే.

కాబట్టి సాయంత్రంలోపల ఇంకో పలుకు దానంతటదే మొలుస్తుందని ఆశపడటం దండగ.

"నువ్వు కిందికి వచ్చేసుంటే బాగుండేది" అన్నాడు ఫణీంద్ర. సీమంతానికి అమ్మ ముహూర్తం కూడా పెట్టిందని ఎన్నోసారో గుర్తుచేశాడు.

"నేను వచ్చేస్తే ఈ జాడీని ఎవరు చూసుకుంటారన్నాను. చూశావుగా ఎంత బాగా చూసుకున్నానో" అని ఫోన్ పెట్టేసింది కాత్యాయని.

చిలకమ్మ గుమ్మంలో నిలబడి అంతా వింది. తను చేసిందేమిటో ఆవిడకి ఇప్పుడు పూర్తిగా అర్థమైంది. మంకీ క్యాప్‌లోంచి కళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి, అవి నిండిపోయి ఉన్నాయి. చేతిలో పెరుగన్నం గిన్నె.

"నన్ను తిట్టండమ్మా. తిట్టి, ఇది తినండి. కడుపుతో ఉన్నోరు పస్తుంటే ఆ పాపం కూడా నా నెత్తినే పడతాది."

తిట్టే ఓపిక కాత్యాయనికి లేదు. గిన్నె అందుకుని చెంచా పెట్టింది. చెంచా నిలబడింది. జున్నులా గట్టిగా, తియ్యగా ఉన్న పెరుగు. కడుపుతో ఉన్నప్పట్నుంచీ ఈ పెరుగంటే ఆమెకి ప్రాణం. రోజూ తింటోంది. రెండో ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగిపోయింది.

తన క్వార్టర్లో నిన్న తోడేసిన పాలు ఇవాళ్టికీ పాలలాగే ఉన్నాయి. మొన్నటివీ అంతే.

"చిలకమ్మా, ఈ పెరుగు ఎక్కడిది?"

"బజారు ఈధిలో పైడమ్మ కొట్టుదమ్మా."

"ఈ చలిలో పైడమ్మకి పెరుగెలా తోడుకుంటోంది?"

చిలకమ్మ గోడ మీది క్యాలెండరు వంక చూసింది. అందులో చూడవలసిందేమీ లేదు.

"చిలకమ్మా."

"నాకేటి తెల్దమ్మా."

"సుక్రి పాప మీద ఒట్టేసి చెప్పు, తెలీదని."

ఆయా మంకీ క్యాప్ తీసి చేతిలో నలుపుకుంది. "పెరుగు గిన్నె కింద ఓ డబ్బా ఎడతాదమ్మా. ఎచ్చగా ఉంటాది" అంది నేలచూపులు చూస్తూ. "పైడమ్మ ఒక్కర్తే కాదు. ఊరంతా అదే. మీరు సంపేస్తారని ఎవులూ సెప్పరు."

చంపేస్తుందని వాళ్లు అనుకోవడంలో వింతేమీ లేదు. చలి మొదలైన రోజుల్లో ఒకనాడు, ఎవరి కొంగునో అంటుకున్న ఒక్క రవ్వ పడి, పక్కన పెట్టుకున్న నిల్వ ట్యాంకు వేళకాని వేళ గడ్డకట్టేసింది. దాచిన ఎండంతా ఎవరికీ పనికిరాకుండా పోయింది. పాత ట్యాంకు గీరినప్పుడు రాలిన ముక్కల్ని జనం ఇళ్లకి పట్టుకెళ్లి, డబ్బాల్లో కరిగించి, దాచుకున్న పలుకొకటి వేసి వెచ్చదనం పుట్టించుకుంటున్నారని అప్పుడే బయటపడింది. కాత్యాయని ఆటో మీద మైకు కట్టించి వీధి వీధీ తిరిగింది. ఇది ప్రభుత్వ ఆస్తి అంది, పట్టుబడితే కేసు పెడతానంది. ఇంటింటికీ వెళ్లి తన కళ్లముందే అందరి డబ్బాలూ మరిగించి కరిగించింది. ఒక్క రవ్వ కూడా మిగల్చలేదని పై అధికారులకి గర్వంగా చెప్పింది.

ఒకటి మిగిలిందన్న మాట. ఏ ఇంట్లో మిగిలిందో గానీ, మర్నాడు ఆ ఇంటి నుంచి పక్కింటికీ, పక్కింటి నుంచి ఎదురింటికీ చేబదులుగా వెళ్లిపోయి ఉంటుంది.

తన జీవితంలో ఒక పరాజయం తెలిసి ఇంత ఆనందం కలుగుతుందని కాత్యాయని ఎప్పుడూ అనుకోలేదు. గిన్నె పక్కన పెట్టి, శాలువా కప్పుకుని లేచింది.

"ఎక్కడికమ్మా? నాలుగు ముద్దలైనా తినండి!"

"పద, పైడమ్మ దగ్గరికి. తోడు అడిగొద్దాం."

* * *

వాన ఆగింది గానీ పొగమంచు దిగింది. బజారు వీధి ఆసుపత్రి కిందనే. అయినా పెద్ద కడుపుతో, తడిసిన బండల మీద, చిలకమ్మ భుజం పట్టుకుని దిగేసరికి పొద్దు వాలిపోయింది. పైడమ్మ విజయనగరం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మనిషి. పాలూ పెరుగూ అమ్ముతుంది. అప్పుడే గుమ్మంలో దీపం పెట్టి లేస్తోంది. పొగమంచులోంచి వస్తున్న ఇంజినీరమ్మని చూడగానే లోపలికి వెళ్లబోయి, కడుపు చూసి ఆగింది.

"ఓలమ్మ! నొప్పులేటి?"

"కాదు పైడమ్మా. నీ పెరుగు గిన్నె కింద ఉండే డబ్బాలోంచి ఒక్క పలుకు కావాలి."

"డబ్బాయా? ఏ డబ్బా? నాకాడ ఏ డబ్బా నేదమ్మా. ఆవేళ మీరే కదా అన్నీ మరగబెట్టీసినారు."

"కేసు లేదు, గీసు లేదు. ఆ రోజు మైకులో చెప్పినవన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. ఆసుపత్రిలో తోడు అయిపోయింది. గోడలు చల్లబడిపోయాయి. సుక్రి పాప ప్రాణం మీదికొచ్చింది."

పాప పేరెత్తగానే పైడమ్మ మొహం మారింది. కానీ మరుక్షణం చూపు దీపం మీద పడి, బిక్కమొహం వేసింది.

"సుక్రి పాపకా! అయ్యో తల్లీ, ఓ ఘడియ ముందొస్తే సోలెడిచ్చీదాన్ని. ఇప్పుడు దీపమెట్టీసినాను."

"పెడితే?"

"దీపాలెట్టాక ఉప్పు ఇస్తారేటమ్మా? తోడిస్తారేటి? ఇది ఉప్పూ అదే, తోడూ అదే! ఇంట్లో లచ్చిందేవి ఎల్లిపోదా?"

ఎదురింటి నీలవేణి తలుపు సందులోంచి చూస్తోంది. ఆమె బట్టలు కుట్టే మనిషి. ఇంక ఆగలేక బయటికొచ్చింది. "అత్తా, కడుపుతో ఉన్న మనిషి గుమ్మంలో నిలబడి అడిగితే నేదంటారేటి? పుట్టే బిడ్డకి సెవి కారదా?"

"అది నాకు తెల్దేటే! అందుకే కదా కాలూ సెయ్యీ ఆడట్లేదు!"

"అయితే ఇచ్చెయ్."

"నువ్వియ్యి మరి. నీ కాడా ఉంది కదా డబ్బా."

నీలవేణి వెనక్కి తిరిగి తన గుమ్మం చూసుకుంది. అక్కడా దీపం వెలుగుతోంది. మాటలు విని ఒక్కొక్క తలుపే తెరుచుకుంది. వీధి మధ్యలో ఆడవాళ్లంతా పోగయ్యారు. ఎవరి దగ్గర డబ్బా ఉందో ఇంక దాచడం ఎవరి తరమూ కాలేదు. నీలవేణికి పైడమ్మ ఇచ్చింది. పైడమ్మకి అచ్చియ్యమ్మ ఇచ్చింది. అచ్చియ్యమ్మ మోకాళ్ల నొప్పులకి నీలవేణి దగ్గరే తెచ్చుకున్నానంటోంది. ముందు ఎవరిదో తేలలేదు. ఎవరిదని తేలినా కాత్యాయని వాళ్లని ముద్దు పెట్టుకునేదే. కానీ వాళ్లు మాత్రం పాపానికీ పాపానికీ మధ్య ఇరుక్కుని తగువులాడుకుంటున్నారు. ఇవ్వకూడదు, లేదనకూడదు. ఒకరు పసుపు కొమ్ము బదులుగా తీసుకుంటే దోషం ఉండదంటే, ఇంకొకరు ఆ వెసులుబాటు పెరుగుకే గానీ ఉప్పుకి లేదన్నారు.

కాత్యాయనికి ఓపిక నశించింది. తను ఎన్ని పరీక్షలు ప్యాసయిందీ, ఎన్ని దేశాల సభల్లో మాట్లాడిందీ ఈ వీధిలో ఎందుకూ కొరగాలేదు. శాలువా సర్దుకుని, పైడమ్మ అరుగు మీద చతికిలబడి, నిజంగానే ఏడ్చేసింది.

"మీ లక్ష్మీదేవి ఎక్కడికీ పోదు పైడమ్మా. కావాలంటే మా ఆసుపత్రికి రమ్మను, చలి కాచుకుంటుంది. ఆ పిల్ల బతకాలి నాకు. అంతే."

పైడమ్మ కొంగుతో కాత్యాయని కళ్లు తుడిచింది. కొంచెంసేపు దీపం వంక చూసింది. ఒక్కసారిగా నడుం మీద చెయ్యేసుకుని నిటారుగా నిలబడింది.

"నానివ్వను" అంది. "దీపమెట్టాక ఎవులికీ ఇవ్వను. నా డబ్బా నానే పట్టుకొచ్చి, నా సేత్తో నానే ఏస్తాను. అది ఇచ్చినట్టెలగవుతాదర్రా? నా ఉప్పు నా సేతిలోదే కదా!"

వీధి మొత్తం ఒక్క క్షణం ఆలోచించింది. ఎక్కడా తప్పు పట్టడానికి వీల్లేకుండా ఉంది.

"మరైతే నానూ వస్తాను" అంది నీలవేణి. "ఒక్కదానిదే ఎయ్యడమేటి? కరిగిపోయిందో ఏటో ఎవులికి తెలుసు!"

"నా మోకాళ్లు బాగోలేవు గానీ నన్నూ పట్టుకెళ్లండర్రా" అంది అచ్చియ్యమ్మ.

అంతే. లోపలికి పరిగెత్తినవాళ్లు పరిగెత్తారు. పౌడరు డబ్బాలూ, కొబ్బరి చిప్పలూ, గిద్దలూ, మూతలేని గాజు సీసాలూ కొంగుల కింద దాచుకుని బయటికొచ్చారు. చేతికి దొరికిన టార్చీలూ, లాంతర్లూ పట్టుకుని కొండెక్కడం మొదలుపెట్టారు. ముందు పైడమ్మ, మధ్యలో ఇద్దరి భుజాల మీద చేతులేసి ఇంజినీరమ్మ, వెనక అచ్చియ్యమ్మని ఎత్తుకున్నంత పనిచేస్తూ చిలకమ్మ. పొగమంచులో ఆ వెలుగులు చూసి డాక్టర్ ఇమ్మానియేలు ఏదో పెళ్లివారు దారి తప్పి ఆసుపత్రికి వస్తున్నారనుకున్నాడు.

* * *

ట్యాంకు ఆసుపత్రి వెనక షెడ్డులో ఉంది, పాల ట్యాంకరంత. కాత్యాయని పక్కనున్న గట్టు మెల్లగా ఎక్కి పై గవాక్షం మూత విప్పింది. లాంతరు వెలుగులో లోపలి ద్రవం తేనెరంగులో మెరిసింది. అందరూ కొంగులు బిగించి చుట్టూ నిలబడ్డారు.

"వెయ్యి పైడమ్మా."

పైడమ్మ కళ్లకద్దుకుని, పైడితల్లిని తలుచుకుని, చిటికెడు తీసి వేసింది. పలుకులు మెల్లగా మునిగాయి. అడుక్కి వెళ్లి కూర్చున్నాయి. ఇంకేమీ జరగలేదు.

కాత్యాయని ఇంకా వంగి లోపలికి చూసింది. నడుస్తున్నప్పుడు ఒంటి వేడికి కరిగిపోయిందా? ఇంటి తోడుకి శక్తి తగ్గిపోయిందా? వీళ్లందరివీ ఇంతేనా? పైడమ్మ ఆమె మొహం చూసి, అనుమానంగా డబ్బాలోంచి ఒక రవ్వ తీసి నాలిక మీద వేసుకుంది.

"ఓలమ్మ! ఇది కూరల్లో ఏసుకునే కల్లుప్పే! రెండు డబ్బాలూ ఒక్కలాగే ఉంటాయి, సీకట్లో తేడా తెల్దు!"

షెడ్డు దద్దరిల్లింది. నవ్వు ఆపుకోలేక నీలవేణి గోడకి జారబడింది. "ఇంజినీరమ్మా, కూర కూడా పెట్టీమంటారా? ఉప్పు సరిపోయింది" అని ఎవరో అన్నారు. కాత్యాయని కడుపు పట్టుకుని నవ్వుతూ, వెక్కుతూ, "ఇంకెవరైనా! ఎవరైనా సరే!" అంది.

నీలవేణి కళ్లు తుడుచుకుని ముందుకొచ్చింది. సూదుల డబ్బా తెరిచి, అందులోంచి తెల్లటి పలుకు ఒకటి తీసి, వంగి జాగ్రత్తగా జారవిడిచింది.

పలుకు మునగలేదు. నీటి మీద ముగ్గు పిండి విచ్చుకున్నట్టు దాని చుట్టూ తెల్లని పువ్వొకటి విచ్చుకుంది. పువ్వు నుంచి తీగలు సాగాయి. తీగల నుంచి ఇంకా పువ్వులు వచ్చాయి. చిటపట, చిటపటమని సన్నగా చప్పుడు. అచ్చియ్యమ్మ తన వంతు తాను వేసింది. చిలకమ్మ ఎక్కడినుంచో తన సొంత డబ్బా తీసి వేస్తుంటే కాత్యాయని నోరు తెరుచుకుని చూసింది.

"నువ్వూనా!"

"తిట్టకండమ్మా. నా కాళ్లు రాత్రుళ్లు తిమ్మిరెక్కిపోతాయి. పైడమ్మే పగలు కాసి, తోడేసి ఇస్తాది."

"మరి మధ్యాహ్నం నుంచీ ఎందుకు చెప్పలేదే తల్లీ? నీ దగ్గరే ఉంటే ఈ కొండ దిగి ఎక్కడం ఎందుకు!"

"ఉన్నది కిందన మా ఇంట్లో కదా. ఇంటి తాళం మా ఆయన కాడుంది. ఇందాక దారిలో పట్టుకొచ్చినాను" అంది చిలకమ్మ, అడగవలసిన మాటా ఇది అన్నట్టు.

అప్పటికే ట్యాంకు పక్క మీద చెయ్యి పెట్టిన పైడమ్మ చటుక్కున వెనక్కి తీసుకుంది. మళ్లీ పెట్టింది. ఈసారి రెండు చేతులూ పెట్టి, చెంప కూడా ఆనించింది.

"కాగుతాంది" అంది మెల్లగా. "అచ్చం కాగుతాందర్రా!"

ముసలమ్మలూ పడుచులూ ట్యాంకు చుట్టూ చేరి, పల్నాటి వేసవికి చెంపలానించి కళ్లు మూసుకున్నారు. కాత్యాయని చేతిపంపుతో గొట్టాల్లోకి నీటిని తోడబోతే, కడుపుతో ఉన్నోరు పక్కకి తప్పుకోవాలని నలుగురూ ఒకేసారి అరిచి, వంతులేసుకుని వాళ్లే పంపు కొట్టారు. ఆమెకి ఒక బస్తా మీద కూర్చోవడం తప్ప పని లేకపోయింది. ఫణీంద్రకి ఫోన్ చేసి ఆ కేరింతలు వినిపించింది.

"ఎవరు వాళ్లంతా?" అన్నాడతను.

"మన ప్రయోగశాలకి చలిగెడ్డ శాఖ" అంది కాత్యాయని. "రోడ్డు తెరిచాక నువ్వు తోడు తేనక్కర్లేదు. సీమంతం సామాను తెచ్చుకో. ఇక్కడే చేసుకుందాం. ఇంకో మాట, ఇక మీద జాడీ ఒక్కటే నమ్ముకోను. ప్రతి ఇంట్లోనూ తోడుండాలి. ట్యాంకు షెడ్డులోకి వచ్చేటప్పుడు కొంగు దులుపుకుని రమ్మంటాను, అంతే."

గోడలు వెచ్చబడటానికి కొంత సమయం పట్టింది. ఆడవాళ్లెవరూ ఇళ్లకి వెళ్లలేదు. సుక్రి గది ముందు వసారాలో కాళ్లు చాపుకుని కూర్చున్నారు. లోపల డాక్టర్ ఇమ్మానియేలు గోడ మీద అరచెయ్యి పెట్టి, తీసి, మళ్లీ పెట్టి చూశాడు. మఫ్లర్ విప్పేశాడు. కాసేపటికి కోటు కూడా విప్పి కుర్చీ మీద వేశాడు. తమ డాక్టరుని కోటు లేకుండా చిలకమ్మ అంతకుముందెప్పుడూ చూడలేదు.

"సుక్రీ" అన్నాడాయన, "ఇప్పుడు విప్పొచ్చు. నేను చెప్తున్నాను కదా."

సుక్రి తల అడ్డంగా ఊపింది. కళ్లు పెద్దవి చేసి గోడ వంక చూసింది. చిలకమ్మ ఆమె చెయ్యి పట్టుకుని గోడకి ఆనించింది. సుక్రి చెయ్యి అక్కడే ఉంచి చాలాసేపు కూర్చుంది. జ్వరం తగ్గి నుదుటి మీద చెమట పట్టింది. గుమ్మంలోంచి కాత్యాయనీ, ఆమె వెనక నుంచి పైడమ్మా తొంగిచూస్తున్నారు.

సుక్రి ఒక ముడి విప్పింది. తర్వాత ఇంకొకటి. గుడ్డ పొర తర్వాత పొర తీసి, పాపని తన ఒళ్లో, వెచ్చటి గాలిలో, వెల్లకిలా పడుకోబెట్టింది.

పాప మొదట అలాగే ముడుచుకుని ఉంది. తన చుట్టూ గుడ్డ లేదని ఆ చిన్ని ఒంటికి తెలియడానికి కాస్త సమయం పట్టింది. అప్పుడు ఒక పిడికిలి విప్పింది. చెయ్యి చాపింది, ఏదీ అడ్డు తగల్లేదు. రెండోదీ చాపింది. కాళ్లు రెండూ సాగదీసి, ఒళ్లు విరుచుకుని, అంత పెద్ద ఆవులింత ఆవులించింది. గాలిలో సైకిలు తొక్కడం మొదలుపెట్టింది.

సుక్రి నోరు తెరుచుకుని చూస్తోంది. పుట్టిన దగ్గర్నుంచీ తన బిడ్డ మొత్తాన్నీ ఆమె ఒక్కసారి కూడా చూడలేదు. కాలి వేళ్లు ముట్టుకుంది. మోకాలు ముట్టుకుంది. బొడ్డు పక్కనున్న చిన్న పుట్టుమచ్చ చూసి, కొత్తగా ఇప్పుడే దొరికినట్టు నవ్వింది.

అలవాటు కొద్దీ చిలకమ్మ దుప్పటి తీసి పాప మీద కప్పబోయింది.

సుక్రి ఆ చెయ్యి పట్టుకుని ఆపింది.

"కప్పొద్దు" అంది. "ఇంకాసేపు ఆడుకోనీ."